‘సన్నాసి’ తిట్టు సన్యాసినాయుడి నుంచి వచ్చిందా?

సందేహం: మా తాత పేరు సన్యాసినాయుడు. మావైపు ఆ పేరు మామూలే. ఆఫీసులో వేరే జిల్లాలవాళ్లు మాత్రం వినగానే నవ్వుతారు. ‘సన్నాసి’ అనే తిట్టు ఇలాంటి పేర్లలోంచే వచ్చిందా? అసలు పేర్లు ఇలా తిట్లయిపోతాయా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: లేదమ్మా. మీ తాతగారి పేరూ ఆ తిట్టూ ఒకే మాటకు పుట్టిన అన్నదమ్ములు. సంస్కృతంలో అది ‘సన్న్యాసి’. (రెండు నకారాలు ఉండాలి గానీ, పేర్లలో ఇప్పుడెవరూ రాయడం లేదు, పోనివ్వండి.) పుణ్యం పున్నెం, కన్య కన్నె అయినట్టే ఇదీ నోట్లో నలిగి సన్నాసి అయింది. ఇల్లూ సంపాదనా వదిలేసినవాడు గనక జనం ఆ మాటను పనికిమాలినవాడికి తగిలించారు. భక్తితో పేరు పెట్టుకున్నవాళ్లు ఆ వదులుకోవడంలో గొప్పతనమే చూశారు. జోగిదీ అదే గతి. ‘జోగీ జోగీ రాసుకుంటే బూడిద రాలింది’ అని నవ్వుకుంటాం. మన జోగారావులకు ఆ సామెతతో పనేముంది?

ఎవరో తెలివితక్కువ సన్యాసిరావు వల్ల తిట్టు పుట్టిందని కథ చెబితే నమ్మకండి. ‘సుబ్బి పెళ్లి ఎంకి చావుకొచ్చింది’ అన్నప్పుడు సుబ్బి ఎవరని వెతకం కదా! ఊరినిండా ఉన్న పేర్లు సామెతకు అందివచ్చాయి, అంతే. వేమవరం వెళ్లొచ్చిన పుల్లయ్యా అలాంటివాడే. పనేమిటో అడక్కుండా రాత్రికి రాత్రే వెళ్లొచ్చాడని కథ. వేమవరాలు మాత్రం ఒకటి కాదు.

పేరు నుంచే వచ్చిన మాటలూ లేకపోలేదు. కోతలు కోసేవాణ్ణి గిరీశం అంటాం. ఆయన 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో పాత్ర గనక పేచీ లేదు. శఠగోపం దగ్గరే చిక్కు. సింహాచలంలో అర్చకులు తలమీద పెట్టే, స్వామి పాదాలున్న ఆ కిరీటానికి తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారి పేరే పెట్టారు. ఆయనకే శఠకోపుడని పేరు. మన నోట్లో కోపం గోపమైంది. ‘గోప్యం’ అంటే రహస్యమని చెప్పే అర్థం తర్వాత అల్లినదే. మరి చిట్టీల వ్యాపారి శఠగోపం పెట్టి పారిపోయాడని ఎందుకంటాం? ‘శఠుడు’ అంటే మోసగాడు కాబట్టి అనేవారున్నారు. నా ఓటు మాత్రం నెత్తికే. టోపీ పెట్టడం, కుచ్చుటోపీ పెట్టడం అన్నీ అక్కడ పెట్టేవే కదా.