దిగాక తొడలెందుకు పట్టేశాయి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్ల మీదుగా తిరుమల ఎక్కాను. ఆయాసం తప్ప ఏ ఇబ్బందీ లేదు. దర్శనమయ్యాక అందరూ బస్సెక్కితే నేను మెట్ల దారినే దిగాను. దిగుతున్నంతసేపూ హాయిగా ఉంది. మర్నాటికి తొడలు పట్టేసి, చేతులు ఊనుకుంటే తప్ప కుర్చీలోంచి లేవలేకపోయాను. కండరాల్లో ఆమ్లం నిలిచిపోయిందని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆమ్లం తప్పేమీ లేదమ్మా. శ్రమ ఆపాక లాక్టిక్ ఆమ్లం గంట, గంటన్నరలో సర్దుకుంటుంది. మర్నాడు మొదలయ్యే నొప్పి దానిది కాదు. మీ నొప్పి దిగడంలో వచ్చింది. తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా ఇలాంటి తొడలను ఎన్నో చూశాను. నడిచి ఎక్కి బస్సులో దిగినవారికి ఈ బాధ తక్కువ.

బావిలోకి బిందెను దించడం గుర్తు చేసుకోండి. తాడు జారుతూనే ఉంటుంది, పట్టు మాత్రం వదలరు. మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండరం చేసేది అదే: బిగువు వదలకుండా సాగుతూ మీ బరువును కింది మెట్టు మీదికి దించుతుంది. ఈ పనికి ప్రాణవాయువు చాలా తక్కువ చాలు. 1952లో లండన్‌లో రెండు సైకిళ్లను వెనుక వెనుకగా గొలుసుతో కలిపి దీన్ని చూపించారు. భారీ మనిషి ఒకరు పెడల్ తొక్కుతుంటే, చిన్నపాటి మహిళ ఒకరు ఎదురు నొక్కి ఆపుతూ వచ్చారు. అలసిపోయింది ఆ భారీ మనిషే! మీకు హాయిగా అనిపించడానికి కారణం ఇదే. కానీ దిగేటప్పుడు తక్కువ కండర పోగులే బరువంతా మోస్తాయి. ఒక్కోదాని మీద లాగుడు ఎక్కువై, సూక్ష్మంగా దెబ్బతిని వాస్తాయి. 3,550 మెట్లు మరి! అందుకే రెండో రోజు, మూడో రోజు నొప్పి ముదురుతుంది.

మంచం పట్టకండి. చదును నేల మీద మెల్లగా నడవండి, గట్టిగా పిసికించుకోకండి. వారంలోపు తగ్గిపోతుంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, తొడలు బాగా వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ వెళ్లే ముందు మూడు వారాలు దిగడం సాధన చేయండి. ఒకసారి ఈ దెబ్బ తిని కోలుకున్న కండరం కొన్ని వారాల పాటు అదే శ్రమకు అంత తేలిగ్గా దెబ్బతినదు. మీ ఇల్లు అపార్టుమెంటులో ఉంటే పైకి లిఫ్టులో వెళ్లి, కిందికి మెట్ల మీద నెమ్మదిగా దిగండి. మొదటి వారం రెండంతస్తులు చాలు.