గుర్రప్పిల్లను లొంగదీస్తారా?

సందేహం: మా బంధువులు శంషాబాద్ దగ్గర గుర్రాలు పెంచుతున్నారు. ఏడాదిన్నర వయసున్న ఆడ గుర్రప్పిల్లకు రోజూ ఒళ్ళు తోమి, మెల్లగా తాడుకూ జీనుకూ అలవాటు చేస్తున్నారు. దాన్ని 'మచ్చిక చేయడం' అని రాస్తే, ఒక మిత్రుడు 'లొంగదీయడం' అని దిద్దాడు. ఏది సరి? ఆడ గుర్రప్పిల్లకు వేరే మాట ఏమైనా ఉందా?

సమాధానం: మీ మాటే ఉంచండి. ఇంగ్లిష్‌లో గుర్రాన్ని 'బ్రేక్' చేస్తారు కదా అని మీ మిత్రుడు ఆ దిద్దుబాటు చేసి ఉంటాడు. లొంగదీయడం శత్రువుల విషయంలో వాడే మాట. పైగా ఈమధ్య వార్తల్లో 'లొంగదీసుకున్నాడు' అంటే ఏ అర్థం వస్తోందో మీకు తెలుసు, దాన్ని తెచ్చి పసిపిల్ల లాంటి జంతువుకు తగిలించడం ఏం బాగుంటుంది?

ఈ పనికి మన పెద్దలు వాడిన మాట వినయం. ఇప్పుడు వినయం అనగానే చేతులు కట్టుకుని నిలబడటమే గుర్తొస్తుంది గానీ, అందులో ఉన్నది 'నీ' ధాతువు, అంటే నడిపించడం, వెంట తీసుకెళ్ళడం. నేత, నాయకుడు పుట్టింది కూడా దానిలోంచే. దారిలో పెట్టడం వినయం, దానివల్ల వచ్చే అణకువ ఆ తర్వాతి అర్థం. సంస్కృత భారతం విరాటపర్వంలో నకులుడు కొలువు అడుగుతూ 'అశ్వానాం ప్రకృతిం వేద్మి వినయం చాపి సర్వశః' అంటాడు. గుర్రాల స్వభావం తెలుసు, వాటిని తీర్చిదిద్దడమూ తెలుసు అని. ముందు ప్రకృతి, తర్వాత వినయం, ఆ వరస చూడండి! అంతటితో ఆగక, నా దగ్గర ఆడ గుర్రమే దుడుకుతనం చేయదు, ఇక మగ గుర్రాల సంగతి చెప్పాలా అంటాడు. పనిలో చేయి తిరిగినవాడి మాట అది. ఎదకు వచ్చే ఈడులో, మెడ నిమిరితే కళ్ళు మూసుకునే పిల్లే డొక్క దగ్గర బ్రష్ తగలగానే చెవులు వెనక్కి వాల్చి కాలెత్తుతుంది. తెలియనివాడు పొగరనుకుని కొడతాడు. తెలిసినవాడు చేయి పూర్తిగా తీసేయకుండా భుజం మీదికి జరిపి, అది నిమ్మళించాక మళ్ళీ మొదలుపెడతాడు. తిక్కన గారి భారతంలో ఈ నకులుడి మారుపేరు దామగ్రంథి, దామం అంటే తాడు, గ్రంథి అంటే ముడి. అశ్వశాల వాసన తగిలే పేరు, నాకు ఎంతో ఇష్టం.

అమరకోశంలో 'వినీతాః సాధువాహినః' అని ఉంది, చక్కగా నడిచేలా తర్ఫీదు పొందిన గుర్రాలు వినీతాలు. ఆడపిల్లకు వినీత అని పేరు పెట్టుకునేవాళ్ళు ఈ సంగతి తెలిస్తే సంతోషించాలి.

ఇక ఆడ గుర్రప్పిల్ల. కిశోరం అంటేనే గుర్రప్పిల్ల, ఆడదైతే కిశోరి. కానీ ఇవాళ కిశోరి అంటే పదిహేనేళ్ళ అమ్మాయే గుర్తొస్తుంది కాబట్టి వ్యాసంలో అర్థం తారుమారయ్యే ప్రమాదం ఉంది. పెద్దదైన ఆడ గుర్రానికి గోడిగ అనే పాత మాట ఉంది.

మచ్చికకు బదులు మాలిమి అన్నా తప్పులేదు. నా చెవికి మచ్చికలో ప్రేమ, మాలిమిలో అలవాటు కాస్త ఎక్కువగా వినిపిస్తాయి, అంతకు మించి గీత గీయలేను. ఒళ్ళు తోమడానికి మాత్రం దయచేసి 'గ్రూమింగ్' అని రాయకండి. మాలీసు అనే మాట ఉండగా దానికేం కరువొచ్చింది? అది పారసీ నుంచి వచ్చిందే అయినా మన గుర్రాల వీపు మీద ఎన్నో తరాలుగా తిరిగిన మాట.