కుక్క చెవిలో దుర్వాసన.. పాత చుక్కల మందే వేయొచ్చా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు. పది రోజులుగా తల విదిలిస్తోంది. కుడి చెవిని అదేపనిగా గోక్కుంటోంది. చెవి లోపల గోధుమ రంగులో జిగురుగా ఉంది, వాసన వస్తోంది. పోయినేడాది ఇలాగే అయితే డాక్టర్ చుక్కల మందు రాశారు. అది కొంచెం మిగిలింది. మళ్లీ అదే వేయొచ్చా?

సలహా: దయచేసి వేయకండి. లోపల కర్ణభేరి బాగుందో, చిల్లు పడిందో చూడకుండా మందు వేయటం ప్రమాదం. కొన్ని చుక్కల మందులు చిల్లులోంచి లోపలికి దిగితే వినికిడి దెబ్బతింటుంది. పైగా పోయినేడాది కారణమే ఇప్పుడూ ఉందని చెప్పలేం. జిగురుగా, గోధుమ రంగులో, ముక్కవాసనతో ఉంటే చాలాసార్లు ఈస్ట్ అనే ఫంగస్ అయి ఉంటుంది. పసుపుపచ్చ చీము కారితే బ్యాక్టీరియా కావచ్చు. కాఫీ పొడిలా నల్లగా, పొడిపొడిగా రాలితే మైట్స్ అనే సన్నటి పురుగులను అనుమానిస్తాం. ఇవి పక్కనున్న కుక్కలకూ పిల్లులకూ అంటుకుంటాయి. అయితే కంటితో చూసి తేల్చేయలేం. డాక్టర్ దూదిపుల్లతో కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ పరీక్ష చేయమని మీరే అడగండి.

కుక్క చెవి దారి మనకున్నట్టు తిన్నగా ఉండదు. కిందికి దిగి, అక్కడి నుంచి లోపలికి మలుపు తిరుగుతుంది. తడి, గులిమి ఆ మలుపు దగ్గరే నిలిచిపోతాయి. లాబ్రడార్ లాంటి వేలాడే చెవులకు గాలి కూడా సరిగా ఆడదు. అందుకే ఇయర్ బడ్స్ పెట్టొద్దంటాను. అవి మురికిని ఇంకా లోపలికి నెడతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ అసలే వద్దు, పుండుపడిన చర్మం భగ్గున మండుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘మళ్లీ’ అన్న మాట. చెవి జబ్బు తిరిగి తిరిగి వస్తోందంటే వేరు చాలాసార్లు చర్మంలో ఉంటుంది. అలర్జీ అన్నమాట. మీ కుక్క పాదాలు నాకుతూ ఉంటుందా? చంకలు, పొట్ట ఎర్రబడుతున్నాయా? ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. తిండి వల్ల అనిపిస్తే కనీసం 8 వారాలు ప్రత్యేక ఆహారం పెట్టి చూడాల్సి వస్తుంది. అలర్జీని వదిలేసి చెవికే మందు వేస్తూ పోతే, ఏళ్లు గడిచేకొద్దీ చెవి దారి గట్టిపడి మూసుకుపోతుంది. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి ఉండదు. అలాంటి చెవులు చూసినప్పుడల్లా, ముందే తీసుకొచ్చి ఉంటే ఎంత బాధ తప్పేదో అనిపిస్తుంది.

ఒకటి రెండు రోజుల్లో చూపించండి. తల ఒక పక్కకు వాలినా, నడక తూలినా, కళ్లు అటూఇటూ కొట్టుకున్నా ఆ రోజే తీసుకెళ్లండి. జబ్బు లోపలి చెవికి పాకిందని గుర్తు. విదిలించీ విదిలించీ చెవి డొప్పలో నెత్తురు చేరి దిండులా ఉబ్బినా ఆలస్యం చేయొద్దు. గోకుడు, వాపు తగ్గగానే మందు ఆపేయకుండా, చెప్పినన్ని రోజులు వాడి మళ్లీ ఒకసారి చూపించండి.

తగ్గాక వారానికోసారి చెవి ఎత్తి చూడండి, వాసన చూడండి. స్నానం, ఈత తర్వాత మెత్తటి బట్టతో పైపైన తడి అద్దండి. శుభ్రం చేయాల్సి వస్తే కుక్కల కోసం తయారైన క్లీనర్‌ను చెవి నిండేలా పోసి, చెవి మొదలును అర నిమిషం మెల్లగా నలపండి. లోపల పిచపిచమని చప్పుడు వినిపిస్తుంది. తర్వాత తల విదిలించుకోనిచ్చి, బయటికి వచ్చినది దూదితో తుడవండి. నలిపేటప్పుడు మూలిగినా, తల లాక్కున్నా అక్కడితో ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న చెవిని మాత్రం రోజూ కడగొద్దు, అదీ పుండుపడుతుంది.