మైటోకాండ్రియా పరిశోధన గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ యూల్ పరిశోధన మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పార్కిన్సన్ వ్యాధి మూలాల గురించి తెలుగులో రాయాలని పూనుకున్నందుకు నిజంగా సంతోషించాను. అయితే మైటోకాండ్రియా కణానికి శక్తినిస్తాయని చెప్పడానికే నీ వ్యాసంలో సగం అయిపోయింది. ఆ సంగతి పాఠకుడు బడిలోనే చదువుకున్నాడు. అవి చెడిపోతే మనిషి చేతులు ఎందుకు వణుకుతాయన్నది అతనికి తెలియదు. అక్కడి నుంచి మొదలుపెట్టు.

దానికి 1982 నాటి కాలిఫోర్నియా ఉదంతం చాలు. దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువతీయువకులు కొద్ది రోజుల్లోనే, ముదిరిన పార్కిన్సన్ రోగుల్లా కదల్లేని స్థితిలో ఆసుపత్రులకు చేరారు. నాడీవైద్యుడు విలియం లాంగ్‌స్టన్, ఆయన సహచరులు ఆరా తీయగా ఆ మందులో ఎంపీటీపీ అనే పదార్థం కలిసి ఉన్నట్టు తేలింది. అది మెదడులో మరో రూపానికి మారి, కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాల్లోకి చేరి, వాటి మైటోకాండ్రియాలో కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ సముదాయం పనిని అడ్డుకుంటుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. మైటోకాండ్రియాకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం ఇలా మనుషుల్లోనే బయటపడింది.

జన్యువుల కథను క్లుప్తంగా చెప్పు. చిన్న వయసులోనే ఈ వ్యాధి వచ్చిన జపాన్ కుటుంబాల ద్వారా 1998లో పార్కిన్ జన్యువు, 2004లో ఐరోపా కుటుంబాల ద్వారా పింక్-1 జన్యువు తెలిశాయి. వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లకూ అవే పేర్లు. 2006లో డ్రోసోఫిలా అనే పండ్ల ఈగల మీద జరిగిన ప్రయోగాలను మాత్రం వదలకు. పింక్-1 లేని ఈగల్లో దెబ్బతిన్న కండరాలు పార్కిన్‌ను ఎక్కువగా అందిస్తే కుదుటపడ్డాయి. పార్కిన్ లేనప్పుడు పింక్-1ను ఎంత పెంచినా ఫలితం లేకపోయింది. రెండూ ఒకే దారిలో పనిచేస్తాయనీ, పార్కిన్ పని పింక్-1 తర్వాతిదనీ దాన్నిబట్టి అర్థమైంది.

నీ వ్యాసానికి ప్రాణం 2008 నాటి ప్రయోగం. నువ్వు దానికి రెండే వాక్యాలు ఇచ్చావు. అమెరికాలోని బెథెస్డాలో యూల్, డెరెక్ నరేంద్ర తదితరులు కణాల్లోని మైటోకాండ్రియా లోపలి పొరకు ఇరువైపులా ఉండే విద్యుత్ భేదాన్ని ఒక రసాయనంతో పోగొట్టారు. అప్పటిదాకా కణద్రవ్యమంతా పరుచుకుని ఉన్న పార్కిన్ ప్రోటీన్, దెబ్బతిన్న మైటోకాండ్రియా మీదికి వచ్చి చేరింది. ఆ తర్వాత కణం వాటిని తానే జీర్ణం చేసుకుంది. మామూలుగా పింక్-1 మైటోకాండ్రియా లోపలికి వెళ్లి నాశనమవుతుందనీ, విద్యుత్ భేదం పోయినప్పుడు లోపలికి వెళ్లలేక బయటి పొర మీదే పేరుకుని పార్కిన్‌ను రప్పిస్తుందనీ 2010 నాటికి స్పష్టమైంది. పాడైన మైటోకాండ్రియాను కణం ఎలా గుర్తుపడుతుందన్న ప్రశ్నకు ఇంత సొగసైన జవాబు దొరకడం ఎంత అపురూపమో పాఠకుడికి అందాలి. ఇక్కడ తొందరపడకు, నాలుగు పేరాలైనా పర్వాలేదు.

ఆ ప్రయోగాల్లో వాడిన హీలా కణాల సంగతి కూడా రాయాలి. అవి ప్రయోగశాలల్లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు, నాడీకణాలు కావు. వాటిలో సహజంగా పార్కిన్ దాదాపు ఉండదు, బయటి నుంచి చేర్చారు. ఆ రసాయనం కలిగించినంత తీవ్రమైన దెబ్బ మెదడులో ఒక్కసారిగా తగలడం అరుదు. పార్కిన్ జన్యువు తొలగించిన ఎలుకల్లో డోపమైన్ కణాలు మనుషుల్లోలాగా నశించలేదు. పింక్-1 లేకపోయినా ఎలుకల్లో, ఈగల్లో పాత మైటోకాండ్రియాను తొలగించే రోజువారీ శుద్ధి మామూలుగానే సాగుతోందని 2018లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. వీటివల్ల యూల్ కృషి విలువ తగ్గదు. కణంలో చూసినది మెదడులో ఎప్పుడు, ఏ మేరకు జరుగుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉందని మాత్రం తెలుస్తుంది. అందుకే ప్రతి ఫలితం పక్కనా అది మనిషిలో చూసినదా, ఈగలోనా, ఎలుకలోనా, గాజుపాత్రలోని కణంలోనా అన్నది రాయి.

చివరి పేరాలో ‘త్వరలోనే పూర్తిగా నయం చేసే మందు’ అన్న మాట కొట్టేశాను. నీ వ్యాసాన్ని చదివేవారిలో రోజూ లెవోడోపా అనే పార్కిన్సన్ మందు వేసుకునే వాళ్లూ, వాళ్లకు అన్నం కలిపి తినిపించే పిల్లలూ ఉంటారు. ఆ మందు లక్షణాలను తగ్గిస్తుందే తప్ప కణాల నాశనాన్ని ఆపుతుందని రుజువు కాలేదని వాళ్లకు చెప్పు. పింక్-1, పార్కిన్‌ల పనిని చురుకుచేసే మందుల కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయని కూడా చెప్పు. మైటోకాండ్రియా శక్తి తయారీలో తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 అనే పదార్థాన్ని పెద్ద మోతాదులో ఇచ్చి చేసిన పెద్ద పరీక్షలో రోగులకు మేలు కనబడలేదన్న సంగతీ అక్కడే చేర్చు. ఆ మాత్రలు కొందామనుకునే వాళ్లకు అది తెలియాలి.

తిరగరాశాక పంపు, ముందుగా 2008 ప్రయోగం ఉన్న భాగం చదువుతాను.

ఆశీస్సులతో.