కల్లు ఆపితే ఫిట్స్ వస్తున్నాయి.. మాన్పించేదెట్లా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. మా ఆయనకు 44 ఏళ్లు, మేస్త్రీ పని చేస్తాడు. పదిహేనేళ్లుగా పొద్దున, సాయంత్రం కల్లు తాగుతాడు. బ్రాందీ, విస్కీ ముట్టడు. మొన్న తిరుపతి పోతే అక్కడ కల్లు దొరకలేదు. రెండో రోజుకు చేతులు వణికాయి, నిద్ర లేదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నాడు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఊరికొచ్చి సీసా తాగగానే మామూలయ్యాడు. 'మానితే చచ్చిపోతడు, తాగనియ్యి' అంటోంది మా అత్తమ్మ. తెలియకుండా అన్నంలో కలిపే పొడి ఉందని ఒకరు, హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లే వచ్చి పట్టుకుపోతారని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ అత్తమ్మ భయం ఉత్తది కాదమ్మా. మీ ఆయనలాంటి వాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. అట్లాగని తాగనియ్యడం మందు కాదు. ఆపే పద్ధతి ఒకటి ఉంది.

చెట్టు మీది నుంచి దించిన అసలు తాటికల్లులో ఆల్కహాల్ తక్కువ. మన వైపు దుకాణాల్లో సీసాల్లో పోసి అమ్మేదాంట్లో చాలాచోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ కలుపుతున్నారు. అంటే మీ ఆయన తనకు తెలియకుండానే ఏళ్ల తరబడి నిద్రమాత్రలు మింగుతున్నాడని నా అనుమానం. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ లాంటి జిల్లాల్లో జనం ఇట్లాగే వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చారు. తిరుపతిలో మీరు చూసింది కూడా అదే.

ఒకసారి ఫిట్స్ వచ్చి, లేనివి కనిపించిన మనిషికి ఇంట్లో మాన్పించే ప్రయత్నం అస్సలు వద్దు. అడ్మిట్ చేయాలి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి పంపుతారు. వెళ్లేదాకా మీ అంతట మీరు కల్లు బంద్ పెట్టొద్దు. డాక్టర్ చెప్పే మాటేనా ఇది అనుకుంటారేమో, అవును. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో గోలీలు కొని కల్లు మీద మింగించడం మాత్రం వద్దు. శ్వాస మందగించి నిద్రలోనే పోయే ప్రమాదం ఉంది.

ఆస్పత్రిలో కల్లులో కలిపే ఆ నిద్రమాత్రల జాతి మందునే, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే రకాన్ని కొలత ప్రకారం ఇస్తారు. వణుకు, నాడి, బీపీ, నిద్ర చూసుకుంటూ వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. 'కల్లు మాన్పించి గోలీలు అలవాటు చేస్తున్నరా సారూ' అని నన్ను చాలామంది నిలదీస్తారు. సీసాలో ఇవాళ ఎంత మందు పడిందో అమ్మేవాడికే తెలియదు. ఇక్కడ ఎంత ఇస్తున్నామో తెలుసు, అది తగ్గుతూ పోతుంది. దాంతోపాటు విటమిన్ బీ1 ఇంజక్షన్లు ఇస్తారు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ పెట్టించడం మనకు అలవాటు. సరిగా తిండి తినకుండా తాగే మనిషికి బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

అన్నంలో కలిపే పొడి సంగతి. ఇలా అమ్మే వాటిలో డైసల్ఫిరామ్ ఉండే అవకాశం ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే చావుకే దారి తీయవచ్చు. అన్నీ చెప్పి, అతను ఒప్పుకుంటేనే మేం ఇస్తాం. దొంగతనంగా పెట్టకండి. ఇక సెంటర్ వాళ్లు వచ్చి పట్టుకుపోవడమంటారా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి సెంటర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి, మనిషిని గొలుసులతో కట్టేయడం నేరం. డాక్టర్ ఎవరు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, మీరు వెళ్లి కలవొచ్చా అని అడగండి. నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి.

ఒంట్లోంచి మత్తు దిగడం మొదటి మెట్టే. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మాల తీసిన సాయంత్రమే దుకాణంలో కూర్చోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. పట్టుదల లేక కాదు, ఆ సాయంత్రం ఏం చేయాలో తోచక. మీ ఆయనకు అసలు గండం పని దిగే వేళ, కూలి చేతిలో పడే వేళ. కొన్ని నెలలపాటు కూలి డబ్బు మీ చేతికి వచ్చేట్టు అతని ఒప్పుకోలుతోనే మాట్లాడుకోండి. దుకాణం ముందు నుంచి కాకుండా వేరే తోవన ఇంటికి రావాలి. దావత్‌లకు, దినాలకు కొన్నాళ్లు మీరు వెంట ఉండండి, లేదా మానేయండి. ఆల్కహాల్ మీద యావ తగ్గించే మందులున్నాయి గానీ నిద్రమాత్రల అలవాటుకు అవి పనికిరావు, కాబట్టి ఓపీకి తిరగడం తప్పదు. మళ్లీ తాగితే పోట్లాడకుండా ఆ వారమే తీసుకురండి. ఇలా జారడం ఈ జబ్బులో మామూలే.

మీరు కూడా నలిగిపోయి ఉంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈలోగా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.