కళాయిలో నూనె పోయవచ్చా?

హైదరాబాద్‌లో ఉండే ఒక పాఠకురాలి సందేహం ఇది. “మా పుట్టింట్లో బాణలి అంటాం. మా అత్తగారిది గోదావరి వైపు, ఆవిడ మూకుడు అంటారు. ఇక్కడ షాపులో అడిగితే కడాయి అని ఇస్తారు. వంటల వీడియోల్లో మాత్రం ‘స్టవ్ మీద కళాయి పెట్టుకుని నూనె పోసుకోండి’ అంటున్నారు. మా అమ్మాయి స్కూల్లో వంటింటి మీద వ్యాసం రాస్తూ కళాయి అని రాస్తే టీచర్ తప్పని కొట్టేశారట. ఇంతకీ ఏది సరైన తెలుగు? కళాయి నిజంగా తప్పేనా?”

ముందు కళాయి సంగతి చూద్దాం, చిక్కంతా అక్కడే ఉంది. కళాయి అనే మాట మనకి ఎప్పటినుంచో ఉంది కానీ అది గిన్నె పేరు కాదు, గిన్నెకి లోపల వేసే పూత పేరు. తగరాన్ని అరబ్బీలో ఖలయీ అంటారు, అది పారశీకం, ఉర్దూల మీదుగా మన ఊళ్ళలోకి వచ్చి కళాయి అయింది. ఇత్తడి గిన్నెలోనో రాగి గిన్నెలోనో చింతపండు పులుసు కాచినా మజ్జిగ నిలవ ఉంచినా ఆ పులుపుకి లోహం కరిగి చిలుము పడుతుంది, వంట చేదెక్కుతుంది, తింటే వాంతులు కూడా అవుతాయి. అందుకే లోపల తగరం పూత వేయించేవాళ్ళు.

నా చిన్నప్పుడు కళాయి వేసే ఆయన మా వీధి చివర చింతచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి బిగించుకుని కూర్చునేవాడు. తోమిన గిన్నెని పట్టకారుతో నిప్పుల మీద తిప్పి తిప్పి కాల్చి, లోపల చిటికెడు నవాసాగరం చల్లి గుడ్డతో రుద్దేవాడు, తెల్లటి పొగ గుప్పుమనేది, ఘాటుకి ముక్కు మండేది. అప్పుడు తగరం కడ్డీని గిన్నెకి ఒకటి రెండుసార్లు తాకించి, కరిగిన బొట్టుని దూదితో ఒక్క ఊపున చుట్టూ రాసేవాడు. పచ్చటి ఇత్తడి చూస్తుండగానే వెండిలా మెరిసిపోయేది. వెంటనే నీళ్ళ బకెట్లో ముంచితే చుయ్‌మనే శబ్దం. ‘కళాయి పెట్టడం’, ‘కళాయి వేయడం’, ‘కళాయి పోయిన గిన్నె’ అనే మాటలకి మా అమ్మ తరానికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

ఇక కడాయి. దీని పుట్టుక పూర్తిగా వేరు. సంస్కృతంలో కటాహం అంటే వెడల్పాటి మూతి ఉన్న వంటపాత్ర. పురాణం చెప్పేవాళ్ళ నోట ‘బ్రహ్మాండ కటాహం’ అన్న మాట మీరు వినే ఉంటారు, ఆ కటాహమే. అది ప్రాకృతంలో కడాహం, హిందీలో కడాహీ, మన దగ్గర కడాయి. అంటే కడాయిని పరభాషా పదమని ఎవరైనా తీసిపారేస్తే, అది మనం ఎరిగిన కటాహమేనని చెప్పొచ్చు, కాకపోతే ఉత్తరాది మీదుగా తిరిగి వచ్చింది.

మరి కడాయి కళాయి ఎలా అయింది? మన నాలుకకి డ, ళ బాగా దగ్గర. గుడి అంటాం, గుళ్ళు అంటాం. బండి అంటాం, బళ్ళు అంటాం. సంస్కృత పండితులు కూడా ‘డలయోరభేదః’, అంటే డకీ లకీ తేడా లేదని, ఊరికే అనలేదు. పైగా హిందీ కడాహీలో ఉన్నది మన డ కాదు, నాలుక కొసని వెనక్కి మడిచి ఒక్క దెబ్బ కొట్టి పలికేది, తెలుగు చెవికి అది కొంత ళలాగానే వినిపిస్తుంది. దానికి తోడు కళాయి అనే మాట వంటింట్లో అప్పటికే ఉంది, గిన్నెలతోనే ముడిపడి ఉంది. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి వేయించే పని తగ్గిపోయి ఆ మాట ఖాళీగా మిగిలింది, కడాయి వచ్చి అందులో కూర్చుంది. ఇది నా ఊహే కానీ, మాటలు మారే తీరు చూసినవాళ్ళకి వింతగా ఏమీ అనిపించదు. హిందీలో ఈ గందరగోళం లేదు. అక్కడ కలయీ వేరు, కడాహీ వేరు. బండారం బయటపడిందని చెప్పడానికి ‘కలయీ ఖుల్ గయీ’ అంటారు, పూత పోయి లోపలి ఇత్తడి కనబడిందని.

వంట తెలిసినవాళ్ళకి ఇంకో సంగతి కూడా తడుతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. కళాయి వేసిన గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదని పెద్దవాళ్ళు కేకలేసేది అందుకే. గారెలు, బూరెలు వేయించే ఇనప కడాయికి కళాయి వేయరు. పప్పు, పులుసు కాచే ఇత్తడి తపేలాకి, గుండిగకి వేస్తారు. కళాయి ఉన్న చోట వేపుడు లేదు, వేపుడు ఉన్న చోట కళాయి లేదు!

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో కళాయి అని మాట్లాడితే తప్పేమీ లేదు, లక్షల మంది అంటున్న మాట అది. పిల్ల రాసినదాన్ని కొట్టేయనక్కర్లేదు, పక్కన కడాయి అని రాసి తేడా చెప్తే సరిపోయేది. రాతలో మాత్రం నేను కడాయి అనే రాస్తాను, పూతకి ఉన్న ఒక్క పేరునీ గిన్నెకి ఇచ్చేస్తే రేపు పూతని ఏమని పిలుస్తాం?

ఇక మీ బాణలి, మీ అత్తగారి మూకుడు. రెండూ నికార్సైన మాటలే, ఒకదాన్ని వదిలి ఇంకోటి పట్టుకోవద్దు. బాణలికి ఇరుగుపొరుగున చుట్టాలున్నారు, కన్నడంలో బాణలె, తమిళంలో వాణలి. తమిళులు ‘వా’ అని పిలిస్తే కన్నడిగులు ‘బా’ అని పిలుస్తారు కదా, ఆ వరసే ఇదీ. బాండలి, బాండీ అన్న రూపాలు కూడా ఊళ్ళలో వినబడతాయి. తెలంగాణలో అయితే కంచుడు అనేవాళ్ళున్నారు, మీరున్న చోటే పెద్దవాళ్ళని అడిగి చూడండి.

మూకుడు కథ నాకు మరీ ఇష్టం. అది మొదట వండే పాత్ర కాదు, మూత. కుండ మీద బోర్లించే మట్టి మూత, మూయడంలోని ‘మూ’యే అందులోనూ ఉంది. పెళ్ళిలో అరివేణి కుండల మీద పెట్టేవాటిని ఇప్పటికీ మూకుళ్ళనే అంటారు. ఆ మూతనే వెల్లకిలా తిప్పి పొయ్యి మీద పెడితే వేయించుకునే పాత్ర అయింది, తర్వాత మట్టి పోయి ఇనుము వచ్చినా పేరు మారలేదు.

అన్నట్టు, ఈసారి మీ అత్తగారు మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా వినండి. ఆవిడ ‘మూకుడులో’ అనకపోవచ్చు, ‘మూకుట్లో నూనె పొయ్యి’ అంటారేమో. నాడుకి నాటి, ఏడుకి (సంవత్సరం అనే అర్థంలో) ఏటి వచ్చినట్టే మూకుడుకి మూకుటి వస్తుంది, అదే మాటల్లో మూకుట్లో అవుతుంది. వ్యాకరణం చదవకుండానే ఆవిడ సరిగ్గా అంటున్నారు.