కరేలియా ఓవర్చర్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ కరేలియా ఓవర్చర్ (ఆర్కెస్ట్రా వాయించే ప్రారంభ సంగీతం) మీద నువ్వు రాసింది చదివాను. వాక్యం సాఫీగానే నడిచింది, సంగీతం మాత్రం వినపడలేదు. గంభీరం, మహత్తరం, హిమశిఖరాలు అన్నీ మొదటి పేరాలోనే వచ్చేశాయి. ఫిన్లాండ్, రష్యా సరిహద్దు ప్రాంతమైన కరేలియాలో హిమశిఖరాలు లేవు. ఉన్నవి సరస్సులు, అడవులు.

ముందు పుట్టుక సంగతి సరిచెయ్యి. 1893లో హెల్సింకి విశ్వవిద్యాలయంలోని వీపురి ప్రాంత విద్యార్థుల సంఘం, తమ వైపు జనానికి చదువు చెప్పించే నిధుల కోసం లాటరీ వేడుక పెట్టింది. కరేలియా చరిత్ర ఘట్టాలను వేదిక మీద నిశ్చల దృశ్యాలుగా నిలబెట్టారు. వాటికి సంగీతం కట్టినవాడు 27 ఏళ్ల సిబేలియస్. నవంబరు 13న ప్రదర్శన. జనం లేచి నిలబడి కేకలు, చప్పట్లు. సంగీతం ఒక్క ముక్క కూడా వినపడలేదని ఆయనే తన తమ్ముడికి రాశాడు. ఇది వదలకు: హాలు సద్దుమణగకముందే మోగాల్సిన సంగీతం ఇది. ఆ గట్టిదనం ఎందుకో పాఠకుడికి అక్కడే అర్థమవుతుంది.

ఓవర్చర్ ఓపస్ 10, అంటే స్వరకర్త రచనల్లో దాని వరుస సంఖ్య. ఇంటర్మెట్జో, బల్లాడ్, అల్లా మార్చా అనే మూడు భాగాల సూట్ (ముక్కల గుచ్ఛం) ఓపస్ 11. నువ్వు ఓవర్చర్‌ను సూట్‌లో మొదటి భాగం అన్నావు, తప్పు. ఆల్బమ్‌లలో రెండూ పక్కపక్కన ఉండటంతో చాలామంది ఇలాగే పొరబడతారు. ఇంటర్మెట్జో బాణీ ఓవర్చర్‌లోనూ తొంగిచూస్తుంది. అది ఏ నిమిషంలో వచ్చిందో రాయి, కండక్టర్, ఆర్కెస్ట్రా పేర్లతో సహా. నడక ఒక్కొక్కరిది ఒక్కో రకం కాబట్టి వట్టి నిమిషాల లెక్క ఎవరికీ పనికిరాదు.

ఎనిమిది నిమిషాల చిలుకు ముక్క, నాలుగుసార్లు విను. మొదటిసారి కలం ముట్టకు. రెండోసారి బాణీ మారిన చోటల్లా సమయం రాసుకో. మూడోసారి బాణీ వదిలేసి వాద్యాలనే పట్టుకో: హారన్ ఎక్కడ ఆగింది, ట్రంపెట్ ఎక్కడ అందుకుంది. నాలుగోసారి స్కోరు (అన్ని వాద్యాల స్వరలిపి) ముందు పెట్టుకో. ఎఫ్ హారన్‌కు కాగితం మీద సి ఉంటే చెవికి దాని కింది ఎఫ్ పలుకుతుంది. ఇది తెలియకపోతే స్వరాలన్నీ తప్పు రాస్తావు.

ఇక నువ్వు పోలిక తెచ్చిన శంకరాభరణం. పాశ్చాత్యుల సి మేజర్ స్వరాలు ఆ మేళానివే, ఒక్కసారి చెప్పు, చాలు. గమకం లేకుండా రాగం లేదు. పైగా ఇక్కడ ఒకేసారి నాలుగైదు స్వరాలు కలిసి మోగుతాయి. మేజర్ నుంచి వేరే మేజర్‌కు వెళ్లడాన్ని గ్రహభేదం అన్నావు, అది పొరపాటు. గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి షడ్జం జరుగుతుంది. ఇక్కడ షడ్జమూ జరుగుతుంది, కొన్ని స్వరాలూ మారతాయి. తంబూరా శ్రుతి ముక్క మధ్యలో మారిందనుకోమను, మన పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు.

1899లో ఆయనే కట్టిన దేశభక్తి సంగీతం ఫిన్లాండియాను వెనక్కి లాక్కొచ్చి దీనికి తగిలించకు. జార్ పాలనలోని ఫిన్లాండ్‌లో కరేలియా చరిత్రను వేదికెక్కించడమే ఒక మాట, దానికి నీ ఆవేశం అరువివ్వక్కర్లేదు. సూట్‌లో ఉన్న పొందిక ఇందులో లేదు, అతుకులు తెలుస్తాయి. నాకు ఈ ఓవర్చర్ అంటే ఇష్టం, అయినా అతుకుల్ని దాచిపెట్టి రాయను. నువ్వూ దాచకు.

పేర్లు: వీపురిలో వీ దీర్ఘం, ఊనిక మొదటి అక్షరం మీదే. కరేలియాలోని ఊరు క్యాకిసల్మి పేరులో మొదటి అచ్చు మన బ్యాంకులో పలికేదే, కానీ పొట్టిగా. వీపురి ఇప్పుడు రష్యాలో ఉంది, వీబోర్గ్ అంటారు. మ్యాపులో వెతికే పాఠకుడి కోసం ఆ పేరు కూడా ఒక్కసారి రాయి.

మార్చి పంపు, చూస్తాను.

అన్నయ్య